స్ప్లెండర్ ప్లస్ బీఎస్6: మైలేజ్ 62 నుంచి 50కి పడింది, అడిగితే అందరూ పెట్రోలు మీదకే తోసేస్తున్నారు

తెనాలి_రైడర్:
అందరికీ నమస్కారం. నా బండి 2021 మోడల్ స్ప్లెండర్ ప్లస్ ఐ3ఎస్, అలాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు, 38 వేలు తిరిగింది. రోజూ తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి వస్తాను. వెళ్ళేటప్పుడు ఒక్కడినే, వచ్చేటప్పుడు ఒక్కోసారి కొలీగ్ వెనక ఎక్కుతాడు. కొన్న దగ్గర్నుంచి 60కి తగ్గింది లేదు, 62, 63 మామూలుగా వచ్చేది. వానాకాలం ముందు చైన్ సెట్ మార్పించి, సర్వీసింగ్ కూడా చేయించాను. అప్పట్నుంచి మెల్లగా పడుతూ పడుతూ ఇప్పుడు 50 దగ్గర నిలబడింది. పొగ లేదు, సౌండ్‌లో తేడా లేదు, మీటర్లో ఇంజన్ లైటు వెలగట్లేదు. కాకపోతే టాప్ గేర్లో 50 స్పీడు మీద పోతుంటే ఇదివరకటి కంటే ఎక్కువ ఎక్స్‌లేటర్ తిప్పాల్సి వస్తోందని చేతికి తెలుస్తోంది.
సర్వీస్ సెంటర్లో అడిగితే "ఈ20 పెట్రోలు సార్ (20 శాతం ఇథనాల్ కలిపింది), అందరికీ ఇంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంటి దగ్గర మెకానిక్ ఏమో ఇంజెక్టర్ క్లీనింగ్, త్రోటిల్ బాడీ క్లీనింగ్, లోపల కార్బన్ తీయడం అన్నీ కలిపి రెండు వేల పైనే అవుతుందంటున్నాడు. జేబులో చెయ్యి పెట్టే ముందు ఇక్కడ ఓ మాట అడుగుదామనిపించింది.

కూకట్‌పల్లి_డెలివరీ:
బ్రో, 50 వస్తుంటే కంప్లయింటా? నేను అదే బండి మీద రోజంతా ఫుడ్ డెలివరీ చేస్తా, 48 వస్తే ఆ రోజు పండగ. మూసాపేట నుంచి అమీర్‌పేట దాకా ఫస్టు, సెకండు, మళ్ళీ ఫస్టు, ఇంతే కదా బతుకు. థర్డ్ గేర్ పడిందంటే అర్ధరాత్రి అయిందని అర్థం.

లెక్కల_మాస్టారు:
డెలివరీ తమ్ముడి 48నీ తెనాలి రోడ్డు 50నీ ఒక గాటన కట్టకండి. సిటీలో ఆగి కదిలే బండికి 48 మంచి లెక్కే. ఖాళీ రోడ్డు మీద రోజూ పాతిక కిలోమీటర్లు ఒకే స్పీడులో పోయే 100 సీసీ బండికి 50 తక్కువే.
ముందు ఒక్క ప్రశ్న. ఆ 62 ఎలా కొలిచారు, ఈ 50 ఎలా కొలిచారు? రెండొందలు కొట్టించి, ముల్లు ఎక్కడిదాకా పడిందో చూసి చెప్పే లెక్క అయితే దాని మీద చర్చే అనవసరం. పాత కార్బొరేటర్ బండికి రిజర్వు నాబ్ ఉండేది, రిజర్వు నుంచి రిజర్వుకి కొలవచ్చు. ఎఫ్‌ఐ బండికి, అంటే ఇంజెక్టర్‌తో పెట్రోలు కొట్టే బండికి, ఆ నాబే లేదు, ఇక ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ ఒక్కటే దారి. అందులోనూ ఒక మెలిక ఉంది. మూడు లీటర్లు కాలాక మళ్ళీ ఫుల్ చేయించారనుకోండి, బంకు కుర్రాడు ఒకసారి గన్ ఆగగానే తీసేస్తాడు, ఇంకోసారి రౌండ్ ఫిగర్ కోసం మూతి దాకా నింపుతాడు. 300 మిల్లీలీటర్లు అటూ ఇటూ అవడం పెద్ద విషయం కాదు. 180 కిలోమీటర్లకు 3.3 లీటర్లు పడితే 54.5 అని వస్తుంది, 2.7 పడితే 66.7 అని వస్తుంది. బండి అదే, మనిషి అదే, కాగితం మీద మాత్రం 12 కిలోమీటర్ల తేడా! ఈ ట్యాంకు 9.8 లీటర్లు. కనీసం ఏడెనిమిది లీటర్లు కాలనిచ్చి, అదే బంకులో, అదే గన్‌తో, సెంటర్ స్టాండ్ వేసి నింపించండి. సైడ్ స్టాండ్ మీద ఒరిగి ఉంటే ట్యాంకులో పట్టేదే మారిపోతుంది.

తెనాలి_రైడర్:
మాస్టారూ, నేను కొలిచేది ఫుల్ టు ఫుల్లే. ఫోన్‌లో రాసుకుంటాను, ఒకటే బంకు. సెంటర్ స్టాండ్ సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. అయినా కొన్ని నెలలుగా వరసగా కిందికే పోతోంది కాబట్టి కొలతలో తేడా అని అనిపించట్లేదు.

వైజాగ్_ఇంజినీర్:
ఈ20 మాట వచ్చింది కాబట్టి అంకెలతోనే మాట్లాడదాం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది, లీటరు ఇథనాల్‌లో 21 దాకా. 20 శాతం కలిపితే లీటరుకు 29.8 వస్తుంది. అంటే స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే 7 శాతం తక్కువ. కానీ మనం స్వచ్ఛమైన పెట్రోలు పోసుకుని ఎన్నేళ్ళయింది? 2022 నాటికే దేశం సగటున 10 శాతం కలిపే దగ్గరికి వచ్చేసింది, 2025కి 20 అయింది. తెనాలి బ్రదర్‌కి 62 వచ్చిన రోజుల్లోనే ట్యాంకులో చాలావరకు ఈ10 ఉండుంటుంది. ఈ10 నుంచి ఈ20కి తేడా మూడున్నర శాతమే. 62లో మూడున్నర శాతం తీసేస్తే దాదాపు 60.
2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన ఇథనాల్ రోడ్‌మ్యాప్‌లో కూడా ఈ0కి (ఇథనాల్ లేని పెట్రోలుకి) డిజైన్ చేసి ఈ10కి ట్యూన్ చేసిన టూవీలర్లకు ఈ20 పోస్తే మైలేజ్ 3-4 శాతం తగ్గుతుందని, అదే రకం కార్లకు 6-7 శాతమని రాశారు. ఈయన బండికి పడింది 19 శాతం. ఈ20 మీద రెండు, మూడు కిలోమీటర్లు వేసుకోండి, ఒప్పుకుంటాను. మిగతా తొమ్మిదో పదో ఎక్కడికి పోయాయో సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పాలి.

పాల_బండి_నల్గొండ:
సార్, మరి కార్బొరేటర్ బండి సంగతేంది? నాది 2009 మోడల్ స్ప్లెండర్, రెండు పక్కలా పాల క్యాన్లు, పొద్దున నాలుగింటికి మొదలైతే పది దాకా ఊళ్ళు తిరుగుడే. లోడు మీద కూడా 55 ఇచ్చేది. ఇప్పుడు పికప్‌లో వెలితి ఉంది, ఎక్స్‌లేటర్ ఇస్తే ఒక్క క్షణం ఆగి అందుకుంటోంది. ఒకాయన ఎయిర్ స్క్రూ తిప్పి మైలేజ్ సెట్ చేసిండు. ఆ రోజు నుంచి పొద్దున కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి. ఇంజన్ కూడా మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది.

వైజాగ్_ఇంజినీర్:
ఎఫ్‌ఐకి, కార్బొరేటర్‌కి తేడా ఇక్కడే తెలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు, ఎందుకంటే దాంట్లోనే కొంత ఆక్సిజన్ ఉంది. ఈ20కి ఇది 13.5 దరిదాపుల్లో ఉంటుంది. ఎఫ్‌ఐ బండిలో సైలెన్సర్ పైపుకి ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (బండిలోని కంప్యూటర్) కాస్త ఎక్కువ పెట్రోలు కొడుతుంది. కాబట్టి పికప్ పోదు, లీటరుకు వచ్చే కిలోమీటర్లు కొంచెం తగ్గుతాయి. కార్బొరేటర్‌లో జెట్టు రంధ్రం ఎంతుందో అంతే, దానికి పెట్రోలు మారిందని తెలియదు. మిక్చర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మీరు చెప్పిన ఆ ఒక్క క్షణం వెలితి అదే. దాని మీద ఇంకా లీన్ చేస్తే వేడెక్కక ఏమవుతుంది?

షెడ్డు_అన్న_కరీంనగర్:
ఇరవై ఏళ్ళ నుంచి షెడ్డు నడుపుతున్నా, రోజూ చేతిలో పడేవి ఎక్కువ ఈ బళ్ళే. ఇద్దరికీ చెప్తా.
పాలన్నా, ఎయిర్ స్క్రూ పని చేసేది స్లోలో, కొద్దిగా ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడు, అంతే. నువ్వు 40, 50లో పోయేటప్పుడు పెట్రోలు వచ్చేది నీడిల్ జెట్టు, మెయిన్ జెట్టు నుంచి. స్క్రూ తిప్పి మైలేజ్ పెంచుతా అన్నోడు నీకు స్టార్టింగ్ ట్రబుల్ అమ్మిండు. బండి నడిపి వచ్చి ప్లగ్గు విప్పు. కొసన పింగాణీ లేత బిస్కెట్ రంగులో ఉంటే మంచిగుంది. మసి పట్టి నల్లగుంటే పెట్రోలు ఎక్కువ పోతుంది. తెల్లగా సున్నం లెక్క ఉంటే లీన్, అట్లనే తిప్పితే ఎగ్జాస్టు వాల్వు కాలుతది, పిస్టన్ పట్టేస్తది. నీది తెల్లగనే ఉంటదని నా అంచనా. స్క్రూ మళ్ళీ సెట్ చేయించు, ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే గిన్నె) విప్పి కడిగించు, పెట్రోల్ పైపు గట్టిపడ్డదా ఉబ్బిందా చూసి మార్పించు, అది నూరు రూపాయల లోపు పని. పాత రబ్బర్లు ఈ పెట్రోలుకు తట్టుకోవట్లేదు, ఓ-రింగు, చాంబర్ గ్యాస్కెట్ ఉబ్బి రావడం నేను రోజూ చూస్తున్నా.
తెనాలి తమ్మీ, నువ్వు ఇంజెక్టర్ జోలికి పోకు. ఇంజన్ లైటు లేదు, స్టార్టింగ్ మంచిగుంది, స్లో ఆగుతలేదు, మరి ఇంజెక్టర్ ఏం పాపం చేసింది? నువ్వు రాసినదాంట్లో నాకు దొరికిన ముక్క "చైన్ సెట్ మార్పించినప్పటి నుంచి". బండి సెంటర్ స్టాండ్ వెయ్యి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో గట్టిగా ఒక్కసారి తిప్పి వదులు. చైన్ ఉంటది కాబట్టి ముందు చక్రమంత తిరగదు, అయినా రెండు మూడు చుట్లన్నా తిరగాలె. సగం చుట్టులో ఆగిందా, నీ పెట్రోలు అక్కడ తాగుతుంది. ఇంకోటి, గుంటూరు నుంచి ఇంటికి వచ్చి ఆగేటప్పుడు ఆఖరి కిలోమీటరు వెనక బ్రేకు వాడకుండా రా, దిగంగనే వెనక డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూడు. జాగ్రత్త, కాలుద్ది. చెయ్యి పెట్టి ఉంచగలిగితే సరే, ఉంచలేకపోతే బ్రేకు పట్టే ఉంది.
ఎందుకంటే ఈ బండి వెనక బ్రేకు రాడ్డు రకం. చైన్ సాగినప్పుడు టైట్ చేయాలంటే చక్రాన్ని వెనక్కి జరుపుతరు. చక్రంతో పాటు బ్రేకు ప్లేటు కూడా వెనక్కి పోతది, రాడ్డు పొడుగు మాత్రం అంతే ఉంటది, దాంతో బ్రేకు దానంతట అదే బిగుసుకుంటది. చైన్ టైట్ చేసిన ప్రతిసారీ రాడ్డు చివర నట్టు లూజు చేసి పెడల్ ఆట చూడాలె. సగం మంది చూడరు, చైన్ బిగించి పంపిస్తరు. కొత్త చైను మొదట్లో తొందరగా సాగుతది, ఒకటికి రెండుసార్లు టైట్ చేయించి ఉంటవు, గుర్తు తెచ్చుకో.

తెనాలి_రైడర్:
అన్నా, నిజమే, చైన్ సౌండ్ వస్తోందని రెండుసార్లు టైట్ చేయించాను! సాయంత్రం చూసి చెప్తాను.

బైక్_బాస్_99:
ఇవన్నీ ఎందుకు భయ్యా, లీటరుకి ఒక మూత కిరోసిన్ కలుపు, పాతకాలం వాళ్ళ ట్రిక్. ఇంకా పెట్రోలు తెల్లవారుజామున కొట్టించు, చల్లగా ఉంటుంది కాబట్టి చిక్కగా ఎక్కువ వస్తుంది. పెట్రోల్ పైపుకి పెట్టే అయస్కాంతం ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది, 10 కిలోమీటర్లు గ్యారంటీ అంట.

లెక్కల_మాస్టారు:
అంట! బంకులో పెట్రోలు ఉండేది భూమి లోపల ట్యాంకులో, అక్కడ పొద్దున్నకీ మధ్యాహ్నానికీ ఉష్ణోగ్రత పెద్దగా మారదు. తెల్లవారుజామున లేచినందుకు ఆరోగ్యం బాగుపడితే పడొచ్చు.

షెడ్డు_అన్న_కరీంనగర్:
కిరోసిన్ కలిపిన బండి ఇంజన్ నేను విప్పి చూసిన, నువ్వు చూడలేదు. దానికి ఆక్టేన్ తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు టక్ టక్ మని కొట్టుకుంటది, పిస్టన్ మీద మసి గడ్డ కడుతది. బీఎస్6 బండిలో పోస్తే సెన్సరు, సైలెన్సర్లోని కెటలిటిక్ కన్వర్టరు పాడు చేసుకున్నట్టే. ఆ అయస్కాంతం కొనే పైసలతో ఎయిర్ గేజీ కొనుక్కో.

బెంగళూరు_బాబు:
గాలి మాట వచ్చింది కాబట్టి. ఈ బండికి ముందు టైరు 25, వెనక టైరు ఒక్కరే అయితే 28, వెనక మనిషి ఎక్కితే 41 పీఎస్‌ఐ. ఆ 41 అంకె చాలామంది నమ్మరు, పంక్చర్ షాపులో చెబితే "అంత కొడితే పేలిపోద్ది" అంటారు. మాన్యువల్లో ఉన్నదే అది. తెనాలి బ్రో, కొలీగ్ ఎక్కే రోజుల్లో 28తోనో అంతకంటే తక్కువతోనో పోతుంటే టైరు కింద అణిగి ఇంజన్‌ని లాగుతూ ఉంటుంది.
ఇంకోటి, ఏ స్పీడులో పోతున్నావ్? 50లో పోయే బండికి గాలి ఎంత అడ్డం పడుతుందో 65లో దానికి 1.7 రెట్లు పడుతుంది. ఇది 97.2 సీసీ, 8 పీఎస్ బండి. 65 దాటాక అది చేసే పనిలో ఎక్కువ భాగం గాలిని నెట్టడమే. నేను ఇక్కడ ఆఫీసుకి రింగ్ రోడ్డు మీద 45-50లో పోతాను, ఆటోవాళ్ళు కూడా హారన్ కొట్టి దాటేస్తారు, పోనీ అనుకుంటాను.

కూకట్‌పల్లి_డెలివరీ:
అయితే టాప్ గేర్లో వేసి 25లో నెమ్మదిగా లాగిస్తే ఇంకా ఎక్కువ రావాలి కదా? మా ఫ్రెండ్ అట్లనే నడుపుతాడు, మైలేజ్ కోసమని ఫస్టు, సెకండు, వెంటనే ఫోర్తు.

షెడ్డు_అన్న_కరీంనగర్:
మీ ఫ్రెండ్ నంబర్ ఇవ్వు, రెండేళ్ళలో మనకే గిరాకీ. 25లో టాప్ గేరేసి ఎక్స్‌లేటర్ మొత్తం తిప్పినా బండి వణుకుతది తప్ప లేవదు. పెట్రోలు పోతనే ఉంటది, లాగుడు ఉండదు, చైను గుంజుకుంటది, క్రాంకు బేరింగుల మీద దెబ్బ. ఇంజన్ హాయిగా ఉండే గేరే మైలేజ్ గేరు. సెకండు 20 దాకా, థర్డు 35 దాకా, 40 దగ్గర టాపు, ఇది నా లెక్క. ఎత్తు వస్తే సిగ్గుపడకుండా ఒక గేరు తగ్గించు.

కూకట్‌పల్లి_డెలివరీ:
ఐ3ఎస్ సంగతి? సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది, క్లచ్ పట్టుకుంటే మళ్ళీ స్టార్ట్. నేను ఆఫ్ చేసి పెట్టా, బ్యాటరీ పోతుందని ఎవరో చెప్పారు.

వైజాగ్_ఇంజినీర్:
నీలాంటివాడికే అది పనికొచ్చేది తమ్ముడూ. ఇంత చిన్న ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉంటే గంటకు తాగేది పావు లీటరు లోపే. రోజంతా సిగ్నళ్ళ దగ్గర అన్నీ కలిపి గంట నిలబడతావనుకుంటే, ఏడెనిమిది కిలోమీటర్ల పెట్రోలు మిగిలినట్టే. తెనాలి రోడ్డు మీద పోయేవాళ్ళకి దాని వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. బ్యాటరీ బలంగా లేకపోతే మాత్రం ఆఫ్‌లోనే ఉంచు. ఎఫ్‌ఐ బండికి బ్యాటరీ బాగా దిగిపోతే పెట్రోల్ పంపుకి, ఈసీయూకి కరెంటు చాలదు, కిక్కు కొట్టినా మొరాయిస్తుంది. పాత బండిలా తోసి స్టార్ట్ చేద్దామంటే కుదరకపోవచ్చు.

తెనాలి_రైడర్:
చూశాను. షెడ్డు అన్నా, దండం పెట్టాలి మీకు. చక్రం తిప్పి వదిలితే అర చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు, ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. చెవి దగ్గర పెట్టి వింటే లోపల బ్రేకు షూ రాసుకుంటున్న సర్ సర్ మనే సౌండ్. ఇంటికొచ్చాక డ్రమ్ము మీద వేళ్ళు పెట్టి వెంటనే తీసేశాను. దాని మీద రెండు నీళ్ళ చుక్కలు వేస్తే చుయ్ మని ఎగిరిపోయాయి. ముందు డ్రమ్ము మామూలు గోరువెచ్చగా ఉంది. ఇక గాలి చూపిస్తే వెనక 19, ముందు 17 ఉంది! వెనక 41 కొట్టమంటే ఆ అబ్బాయి నా మొహం వంక ఓసారి చూసి 35 దగ్గర ఆపేశాడు, బతిమాలి కొట్టించుకున్నాను.
రాడ్డు నట్టు లూజు చేసి, పెడల్ ఒక అంగుళం ఆడేలా పెట్టించాను. ఇప్పుడు చక్రం తిరుగుతోంది. కానీ బ్రేకు తొక్కి వదిలాక పెడల్ వెంటనే పైకి రావట్లేదు, బద్ధకంగా వస్తోంది.

షెడ్డు_అన్న_కరీంనగర్:
అదే అసలు రోగం. షూలను విప్పే క్యామ్ ఉంటది లోపల, దానికి గ్రీజు ఎండిపోయి తుప్పు పట్టింది. వానల్లో నీళ్ళు పోతే ఎక్కువ. నట్టు లూజు చేస్తే సగమే తగ్గుతది. చక్రం విప్పించి, క్యామ్ బయటికి లాగించి, ఎమరీ పేపరుతో రుద్ది, పల్చగా గ్రీజు పెట్టించు. పల్చగా అన్న, ఎక్కువ పూస్తే షూ మీదికి జారి బ్రేకే పడదు. డ్రమ్ములో దుమ్ము గుడ్డతో తుడవమను, గాలి కొట్టి మొహం మీదికి లేపుకోవద్దు. చక్రం విప్పితే చైన్ ఎట్లాగూ లూజు అయితది కాబట్టి దాని ఆట చూపించు, కింద వైపు మధ్యలో వేలితో నొక్కితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఊగాలె. సౌండ్ వస్తుందని వీణ తీగ లెక్క బిగించొద్దు, మనిషి కూసున్నంక ఇంకా టైట్ అయితది, గేరుబాక్సు బేరింగు మీద పడుతది.
ఇంజన్ ఆయిల్ ఏం పోసిన్రు మొన్న?

తెనాలి_రైడర్:
సర్వీస్ సెంటర్లో కాదన్నా, మొన్న ఆయిల్ మాత్రం ఇంటి దగ్గరే మార్పించాను. ఆయిల్ పీపాలోంచి కొలిచి పోశాడు. 20డబ్ల్యూ-40 అన్నాడు, గట్టిగా ఉంటుంది ఇంజన్‌కి మంచిదని.

షెడ్డు_అన్న_కరీంనగర్:
ఈ బండికి చెప్పింది 10డబ్ల్యూ-30. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ పొద్దున లేచినప్పుడు దాన్ని తిప్పడానికే బలం పోతది. పెద్ద తేడా కాదు, ఒకటీ అరా, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా. వచ్చేసారి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని (బైకు క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ అని గుర్తు) చూసి కొనుక్కో. కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారుతయి, క్లచ్ జారినా మైలేజ్ గోవిందా. అది తెలుసుకోవడానికి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేర్లో ఒక్కసారి ఎక్స్‌లేటర్ ఇయ్యి. ఇంజన్ అరుపు పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్చే.
ఇంకోటి మరిచిన, ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన చిన్న సందు. సౌండ్ వస్తుందని కస్టమర్ గొణిగితే కొందరు బిగించేస్తరు, ఇంజన్ గుడిలో ఉన్నంత నిశ్శబ్దం, కస్టమర్ ఖుష్. వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతది, లాగుడు తగ్గుతది, కొన్నాళ్ళకు వాల్వు కాలుతది. ఇంజన్ పూర్తిగా చల్లగ ఉన్నప్పుడు ఫీలర్ గేజీ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి చూసేవాడి దగ్గరే చూపించు. కొద్దిగా టిక్ టిక్ మంటే భయపడకు.

బెంగళూరు_బాబు:
ఎయిర్ ఫిల్టర్ కూడా చూపించు బ్రో. గాలి కొట్టి దులిపి మళ్ళీ పెట్టేస్తుంటారు. నూనె పూత ఉండే పేపరు ఫిల్టర్‌కి గాలి కొట్టకూడదు, మురికైతే మార్చడమే. పల్లెటూరి మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్ళు మాన్యువల్లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే మార్చుకోవాలి.

బైక్_బాస్_99:
సరే కిరోసిన్ మాట వదిలేయండి. ముందు స్ప్రాకెట్ ఒక పన్ను ఎక్కువది వేస్తే? 14 తీసి 15. మా వాడు వేయించాడు, హైవే మీద ఇంజన్ చాలా ఫ్రీగా ఉందంటున్నాడు.

వైజాగ్_ఇంజినీర్:
ఈసారి మాటలో కొంత పస ఉంది. 14కి బదులు 15 వేస్తే అదే స్పీడుకి ఇంజన్ చుట్లు 7 శాతం దాకా తగ్గుతాయి. ఒక్కడే, చదును రోడ్డు, 50-60 స్పీడు, ఎదురుగాలి లేదు, అలాంటప్పుడు కొద్దిగా మిగులుతుంది. కానీ చక్రం దగ్గర లాగుడు కూడా అదే 7 శాతం పోతుంది. 8 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న బండిలో 7 శాతం అంటే వెనక మనిషి ఎక్కితే తెలిసిపోతుంది. మా దగ్గర సింహాచలం కొండ రోడ్డు మీద అలాంటి బండి నడిపాను, థర్డ్‌లో ఎక్కాల్సింది సెకండ్‌కి దిగాలి. చివరికి తాగేది అంతే. పాలబండి లాంటి లోడు బళ్ళకి అసలు వద్దు.

తెనాలి_రైడర్:
అప్‌డేట్. క్యామ్ శుభ్రం చేయించాను, లోపల ఎర్రగా తుప్పే, మెకానిక్ కుర్రాడు సుత్తితో మెల్లగా కొట్టి తీశాడు. పెడల్ ఇప్పుడు టక్ మని పైకొస్తోంది. గాలి వారం వారం చూపిస్తున్నాను. మాస్టారు చెప్పినట్టు ట్యాంకు బాగా కాలనిచ్చి, సెంటర్ స్టాండ్ వేయించి నింపిస్తే 58 చిల్లర వచ్చింది. 50లో పోతుంటే ఎక్స్‌లేటర్ మీద చెయ్యి తేలిగ్గా ఉంది, ఎక్స్‌లేటర్ వదిలేస్తే బండి ఇదివరకులా చాలా దూరం సాగుతోంది, అది చూసే నాకు సగం సంతోషం. ఇంజెక్టర్ క్లీనింగ్ వాడికి నమస్కారం పెట్టేశాను.

వైజాగ్_ఇంజినీర్:
58 అంటే నా లెక్కకి రెండు తక్కువ. ఆయిలు, ట్యాపెట్లు, వెనక కొలీగ్ బరువు, ఇవి ఇంకా ఉన్నాయి. ఈ20 వల్ల పోయిన రెండూ తిరిగి రావు, దానికి బండిలో చేసేదేం లేదు. ధర తగ్గించకుండా తక్కువ శక్తి ఉన్న ఇంధనం పోయడం న్యాయమా అన్నది వేరే గొడవ, దాని మీద నాకు కోపం ఉంది, కానీ బ్రేకు పట్టిన బండిని కూడా దాని ఖాతాలో రాసేస్తే ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు:
50కి, 58కి తేడా డబ్బుల్లో చూస్తే, నెలకు 1300 కిలోమీటర్లు తిరిగితే 26 లీటర్లు పోయేచోట 22.4 పోతాయి. లీటరు నూటపది చొప్పున నెలకు దగ్గర దగ్గర నాలుగొందలు. గ్రీజుకి, గాలికి ఎంతయింది తెనాలి గారూ?

తెనాలి_రైడర్:
నూట యాభై తీసుకున్నాడు మాస్టారూ, గాలి ఫ్రీ.

బెంగళూరు_బాబు:
ఈ థ్రెడ్‌లోనే ఇంకొకటి అడుగుతాను. ఊళ్ళో మా నాన్నగారి బండి పాత కార్బొరేటర్ స్ప్లెండర్, నెలకోసారి తీస్తారేమో. తీసిన ప్రతిసారీ స్టార్ట్ అవ్వదు. మెకానిక్ వచ్చి కార్బొరేటర్ కడిగితేనే. పెట్రోలు ట్యాంకులో సగానికి పైన ఉంటుంది.

షెడ్డు_అన్న_కరీంనగర్:
ఇథనాల్ గాలిలో తేమను గుంజుతది. నిలబెట్టిన బండిలో నీళ్ళు ఎక్కువైతే అవి, ఇథనాల్ కలిసి అడుగుకు దిగుతయి. కార్బొరేటర్‌కు ముందు పోయేది ఆ అడుగుదే, ఇంకెట్ల స్టార్ట్ అయితది? బండి పెట్టే ముందు పెట్రోల్ నాబ్ ఆఫ్ చేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా ఉంచమను బాబాయిని. ఫ్లోట్ చాంబర్ ఖాళీ అయితది. అట్ల కుదరకపోతే చాంబర్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటది, తీసేటప్పుడు అది లూజు చేసి ఒక గాజు సీసాలో పట్టి చూడు, నీళ్ళుంటే కింద విడిగా కనబడుతయి. సగం ట్యాంకు నిల్వ పెట్టొద్దు, రేకు లోపల తుప్పు పడుతది. వారానికోసారి ఊరి చివరిదాకా పోయి రమ్మను, చాలు.

పాల_బండి_నల్గొండ:
షెడ్డన్నా, ప్లగ్గు విప్పిన, నువ్వు చెప్పినట్టే తెల్లగుంది. స్క్రూ సెట్ చేయించి పైపు మార్పించిన, ఇయ్యాల రెండో కిక్కుకే అందుకుంది. మైలేజ్ 52 దాకా వస్తుంది లోడు మీద, ఇంకా పెంచొచ్చా?

షెడ్డు_అన్న_కరీంనగర్:
పదహారేళ్ళ బండి, రెండు క్యాన్ల పాలు, 52. ఇంక దాన్ని ముట్టుకోకు.